వాట్లు పెంచితే రాక్ సంగీతానికి నిండుదనం వస్తుందా?

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న 43 ఏళ్ల పాఠకుడొకరు, పేరు వెల్లడించవద్దంటూ, చాలా వివరంగా ఉత్తరం రాశారు. వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివిన రోజుల్లో హాస్టల్ మిత్రుల క్యాసెట్ల ద్వారా ఆయనకు లెడ్ జెప్పెలిన్, డీప్ పర్పుల్, ఐరన్ మెయిడెన్, మెటాలికా వంటి రాక్ బృందాలు పరిచయమయ్యాయట. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, ఇంటి ఈఎంఐల మధ్య వెనకబడిపోయిన ఆ ఇష్టం రెండేళ్ల క్రితం మళ్లీ తలెత్తింది. అప్పుడు 65 వేల రూపాయలు పెట్టి, ఐదుంబావు అంగుళాల వూఫర్ (కింది స్వరాలు పలికే శంకువు) ఉన్న ఒక జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, 30 వాట్ల స్టీరియో యాంప్లిఫయర్ కొన్నారు. స్పీకర్ల సెన్సిటివిటీ 86 డెసిబెళ్లు, ఇంపెడెన్స్ 8 ఓములు, గాలి రంధ్రం వెనకవైపు ఉంది. హాల్లో టీవీ యూనిట్‌కు చెరోపక్క ఉన్న అరల్లో వాటిని అమర్చారు. సోఫా ఎదురు గోడకు ఆనించి, స్పీకర్లకు 10 అడుగుల దూరంలో ఉంది.

ఆయన బాధ ఇది. రాత్రి పిల్లలు పడుకున్నాక పది దాటిన తరువాత తక్కువ వాల్యూమ్‌లో వింటే డ్రమ్స్ పలచగా, రేకు డబ్బా మీద కొట్టినట్టు ఉంటాయి. ఆదివారం మధ్యాహ్నం కాస్త పెంచితే సింబల్స్ (డ్రమ్స్‌తో పాటు మోగించే లోహపు పళ్లేలు) చెవిలో గుచ్చుకుంటాయి, రెండు గిటార్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ముద్దగా వినిపిస్తాయి. వాల్యూమ్ నాబ్‌ను పన్నెండు గంటల స్థానం దాటనివ్వనప్పటికీ ఇదే పరిస్థితి అంటారు. ఈ ఏడాది బోనస్‌లో లక్షా ఇరవై వేలు పక్కన పెట్టుకున్నారు. 100 వాట్ల యాంప్ కొనమని ఒక స్నేహితుడు, రాక్ పుట్టిందే వాల్వులతో (పాతకాలపు గాజు గొట్టాలతో) కనుక వాల్వ్ యాంప్ తీసుకోమని ఆఫీసు మిత్రుడు, హార్న్ ట్వీటర్ (పై స్వరాలు పలికే, బాకా ఆకారపు నోరున్న భాగం) ఉన్న టవర్ స్పీకర్లు తీసుకోమని షోరూమ్‌వాళ్లు చెబుతున్నారు. డాలస్‌లో ఉన్న బావమరిది, అక్కడి ధరకే యాంప్ కొని తెస్తానంటున్నారు. భార్య మాత్రం, "రెండేళ్ల క్రితం కొన్నవాటితోనే తృప్తి లేనప్పుడు ఇప్పుడు కొనేవాటితో ఉంటుందన్న నమ్మకం ఏమిటి?" అని అడిగారు. హాల్లో టవర్ స్పీకర్లు వద్దన్నారు కానీ, బట్టలు ఆరేసుకునే 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గదిని ఇచ్చేందుకు ఒప్పుకున్నారు. కింది ఫ్లాట్‌లోని వృద్ధ దంపతులు ఒకసారి చప్పుడు గురించి ఫిర్యాదు చేశారు. పాత హోమ్ థియేటర్ రిసీవర్ (సినిమా ధ్వని కోసం ఎక్కువ స్పీకర్లను నడిపే యాంప్) ఒకటి అటక మీద పడి ఉంది. యాంప్ మార్చాలా, స్పీకర్లు మార్చాలా, రెండూ మార్చాలా అన్నది ఆయన ప్రశ్న.

సమాధానం:

మీరు ఒకే ఫిర్యాదుగా రాసినది నిజానికి రెండు వేర్వేరు ఫిర్యాదులు. రాత్రి పలచగా ఉండటానికీ, ఆదివారం గుచ్చుకోవడానికీ కారణాలు ఒకటి కావు. మీకు సలహా ఇచ్చిన నలుగురిలో ఎవరూ ఈ రెండింటినీ విడదీసి చూడలేదు. అందుకే నాలుగు సలహాలూ నాలుగు వైపులకు లాగుతున్నాయి.

ముందు రాత్రి సంగతి చూద్దాం. 86 డెసిబెళ్ల సెన్సిటివిటీ అంటే, ఒక వాట్ అందితే మీటరు దూరంలో అంత శబ్దం వస్తుందని అర్థం. స్పీకర్లు రెండు కనుక ఒక మూడు డెసిబెళ్లు కలుపుకొని, మీరు 10 అడుగుల దూరంలో ఉన్నందుకు గదిలో సుమారు ఏడు డెసిబెళ్లు తీసేస్తే, మీ సోఫా దగ్గర ఒక వాట్‌కు 82 డెసిబెళ్లు అందుతాయి. రాత్రివేళ ఇంట్లోవాళ్లు నిద్రపోతుండగా మీరు వినేది 70కి మించి ఉండదు. దానికి కావలసింది వాట్‌లో పదహారో వంతు మాత్రమే. డ్రమ్ దెబ్బ గట్టిగా పడిన క్షణంలో కూడా రెండు వాట్లు చాలు. ఆ సమయంలో మీ యాంప్ 30 వాట్లదైనా 300 వాట్లదైనా చేసే పని ఒక్కటే, కనుక రాత్రి కష్టానికి 100 వాట్ల యాంప్ ఏమీ చేయలేదు.

అప్పుడు పలచదనం ఎక్కడి నుంచి వస్తోంది? మన చెవి నుంచే వస్తోంది. శబ్దం తగ్గేకొద్దీ చెవి మధ్య స్వరాలను బాగానే పట్టుకుంటుంది కానీ, కింది స్వరాలను అంతకంటే చాలా వేగంగా వదిలేస్తుంది. బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. పాత యాంప్‌లలో లౌడ్‌నెస్ అనే మీట ఉండేది ఇందుకే. తక్కువ వాల్యూమ్‌లో బేస్‌ను పెంచి ఆ లోటును అది పూడ్చేది. స్వచ్ఛత పేరుతో చాలా కంపెనీలు దాన్ని తీసేశాయి. నా దృష్టిలో అది అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి జరిగిన నష్టం. యమహా స్టీరియో యాంప్‌లలో ఇప్పటికీ లౌడ్‌నెస్‌ను కావలసినంత మేరకు సర్దుకునే నాబ్ ఉంటోంది. మీ యాంప్‌లో అది లేకపోతే, రాత్రిపూట బేస్ నాబ్‌ను కొంచెం కుడివైపు తిప్పండి. టోన్ కంట్రోల్ ముట్టుకోకూడదన్న నియమం ఎవరో పెట్టినది, మీరు పాటించనక్కరలేదు.

ఆదివారం సంగతి దీనికంటే చిక్కైనది. సింబల్స్ గుచ్చుకోవడానికి మూడు కారణాలు ఉండవచ్చు, మూడూ కలిసి కూడా ఉండవచ్చు.

మొదటిది యాంప్ శక్తి చాలకపోవడం. నాబ్ పన్నెండు దాటలేదు కనుక సగం శక్తే వాడుతున్నానని మీరు అనుకుంటున్నట్టున్నారు. నాబ్ స్థానానికీ శక్తికీ అలాంటి లెక్క లేదు. ఇప్పటి సీడీ ప్లేయర్లు, డీఏసీలు (డిజిటల్ పాటను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే పరికరాలు) రెండు వోల్టుల సిగ్నల్ పంపుతాయి కనుక, చాలా యాంప్‌లు నాబ్ సగానికి చేరేసరికే పూర్తి శక్తిని ఇచ్చేస్తాయి. మీ లెక్కలో 30 వాట్లంటే సోఫా దగ్గర సుమారు 97 డెసిబెళ్ల శిఖరం. సగటున 80 నుంచి 82 డెసిబెళ్లలో వింటుండగా, శిఖరాలను నొక్కకుండా రికార్డు చేసిన పాత ఆల్బమ్‌లో స్నేర్ (పటపటమని పలికే చిన్న డ్రమ్) దెబ్బ పడితే యాంప్ ఆ అంచును తాకుతుంది. అంచు దాటితే తరంగం పైభాగం కోసేసినట్టు చదునవుతుంది, అందులోంచి అసలు పాటలో లేని పై స్వరాలు పుట్టి ట్వీటర్ మీద పడతాయి. రాక్‌లో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, యాంప్ ఇలా విరిగిపోవడం తేలిగ్గా తెలియదు. వీణలోనో పియానోలోనో అయితే వెంటనే పట్టుబడుతుంది. డిస్టార్షన్ గిటార్ అప్పటికే గిటార్ యాంప్‌లో విరిగి వచ్చిన ధ్వని కనుక, ఇంటి యాంప్ విరిగినా అందులో కలిసిపోతుంది. దీన్ని పట్టుకోవాలంటే గిటార్‌ను వదిలి గాయకుడి గొంతును, స్నేర్‌ను వినండి. నాబ్ ఒక స్థానం దాటగానే ఏ ఆల్బమ్‌లోనైనా గొంతు గరగరలాడితే తప్పు యాంప్‌దే.

రెండోది మీ హాలు. విట్రిఫైడ్ టైల్స్, ఖాళీ గోడలు, గాజు తలుపున్న బాల్కనీ ఉన్నాయని రాశారు. హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పట్ల వెనక టంగుమని చిన్న తోక వినిపిస్తే, సింబల్స్‌కూ అదే తోక తగులుతోందని తెలుసుకోవచ్చు. పైగా స్పీకర్లను టీవీ యూనిట్ అరల్లో ఇరికించారు. వెనక రంధ్రం ఉన్న స్పీకర్‌ను మూడు వైపులా చెక్క ఉన్న అరలో పెడితే, 100 నుంచి 200 హెర్ట్జ్ ప్రాంతం, అంటే బేస్‌లోని పైభాగం, ఉబ్బి గిటార్ల కింది భాగాన్ని కప్పేస్తుంది. మీరు ముద్ద అన్నది చాలావరకు ఇదే అయి ఉంటుంది.

మూడోది రికార్డు. 1990ల నుంచి రాక్ ఆల్బమ్‌లను పోటాపోటీగా గట్టిగా మాస్టర్ చేయడం మొదలైంది. మెత్తని శబ్దాలను పైకి తెచ్చి, శిఖరాలను నరికి, పాట మొత్తాన్ని ఒకే ఎత్తులో నిలబెడతారు. మెటాలికా 2008లో విడుదల చేసిన ఆల్బమ్ ఈ విషయంలో ఎంత విమర్శకు గురైందంటే, అదే ఆల్బమ్ వీడియో గేమ్ కోసం ఇచ్చిన రూపంలో మెరుగ్గా ఉందని అభిమానులు దాన్నే వెతుక్కున్నారు. పాత ఆల్బమ్‌ల కొత్త రీమాస్టర్లలోనూ చాలావాటికి ఇదే గతి పట్టింది. ఆదివారం బాధ ఇలాంటి కొత్త ఆల్బమ్‌లలోనే ఉండి, 1970ల రికార్డుల తొలి సీడీలలో లేకపోతే, మీరు ఏ స్పీకర్ కొన్నా అది పూర్తిగా పోదు. ట్రెబుల్ నెమ్మదిగా ఉన్న స్పీకర్ దాన్ని మరుగుపరుస్తుంది, ట్రెబుల్ ముందుకు తోసే స్పీకర్ ఎత్తి చూపిస్తుంది. ఈ పరీక్ష చేసి తీరాలి, ఎందుకంటే షోరూమ్‌వాళ్ల సలహా మీకు పనికివస్తుందా లేదా అన్నది దీన్నిబట్టే తేలుతుంది.

ఇక మీ ముందున్న దారుల గురించి.

మొదటి దారి, అన్నిటికంటే తక్కువ ఖర్చుతో అయ్యేది, గది మార్చడం. మీ భార్య ఇస్తానన్న ఆ గది చిన్నదని మీరు వెనకాడుతున్నట్టు ఉత్తరంలో కనిపిస్తోంది. రాక్ మిక్సింగ్ మీద ఎంతో ప్రభావం చూపిన యమహా ఎన్‌ఎస్-10 అనే స్పీకర్ 1978లో వచ్చింది. ఏడంగుళాల తెల్లటి వూఫర్ ఉన్న చిన్న సీల్డ్ డబ్బా అది. దాని ట్వీటర్ మరీ గుచ్చుకునేలా ఉందని ఇంజనీర్లు టిష్యూ కాగితం అంటించుకొని మరీ వాడారు. మిక్సింగ్ టేబుల్ మీద, చేతికందే దూరంలో పెట్టుకొని ఎన్నో ప్రసిద్ధ ఆల్బమ్‌లను దాని మీద సరిచూశారు. కాబట్టి దగ్గరగా కూర్చొని చిన్న స్పీకర్లలో వినడం రాక్‌కు చిన్నతనం కాదు.

ఆ గదిలో స్పీకర్లను 10 అడుగుల గోడ వైపు స్టాండ్ల మీద, గోడకు రెండడుగులు ముందుకు, ట్వీటర్ చెవి ఎత్తులో ఉండేలా పెట్టండి. కుర్చీ వెనక గోడకు నాలుగున్నర అడుగుల దూరంలో ఉండాలి. అప్పుడు మీకూ స్పీకర్లకూ మధ్య ఐదు, ఐదున్నర అడుగులే ఉంటుంది. పదడుగుల దూరం ఐదున్నరకు తగ్గితే, గది ప్రతిధ్వని లెక్క తీసేసినా, మీకు అందే శబ్దం కనీసం మూడు డెసిబెళ్లు పెరుగుతుంది. మూడు డెసిబెళ్లంటే యాంప్ వాట్లు రెట్టింపయినట్టే. ఇది మీకు ఊరికే వస్తుంది.

కుర్చీ విషయంలో నేను అంకె చెప్పడానికి కారణం ఉంది. గది పొడవు 12 అడుగులు కనుక సుమారు 47 హెర్ట్జ్ దగ్గర, వెడల్పు 10 అడుగులు కనుక సుమారు 56 హెర్ట్జ్ దగ్గర గాలి గోడల మధ్య నిలిచిపోయి మోగుతుంది. పైకప్పు కూడా 10 అడుగుల ఎత్తే అని రాశారు. అంటే 56 దగ్గర రెండు మోతలు ఒకే చోట కలుస్తాయి. బేస్ గిటార్‌లో మూడో తీగను ఒత్తకుండా మీటితే వచ్చే స్వరం 55 హెర్ట్జ్. ఆ ఒక్క స్వరం గోడ పక్కన కూర్చుంటే గుమ్మని ఉబ్బుతుంది. 47 దగ్గరి స్వరమైతే గది నడిమధ్యన కూర్చుంటే దాదాపు మాయమవుతుంది. గోడకూ మధ్యకూ నడుమ కూర్చోమనేది అందుకే. ఒక వరుసలోని స్వరాలన్నీ ఒకే ఎత్తులో వినిపించే వరకు కుర్చీని అరడుగు చొప్పున ముందుకూ వెనక్కూ జరుపుకోండి. స్పీకర్ వెనకున్న గాలి రంధ్రంలో స్పాంజి బిరడా పెట్టి, తీసి కూడా చూడండి. చాలా స్పీకర్ల పెట్టెల్లోనే అది వస్తుంది, ఎవరూ బయటికి తీయరు.

నేల మీద, మీకూ స్పీకర్లకూ మధ్య మందపాటి జంపఖానా పరచండి. మీరు చదువుకున్న ఊరు జంపఖానాలకు ప్రసిద్ధమని మీకు చెప్పనవసరం లేదు. అయితే జంపఖానా ఒక్కటే పైపై ట్రెబుల్‌ను మాత్రమే పీల్చుకుంటుంది, కింద పలచటి పరుపో దళసరి ఫెల్టో వేస్తే మరికొంత కిందికి పనిచేస్తుంది. వెనక గోడకు పుస్తకాల అల్మారా, కిటికీకి బరువైన పరదా సరిపోతాయి. గోడలన్నీ ఫోమ్‌తో కప్పేస్తే గది మొద్దుబారుతుంది, బేస్ మాత్రం అలాగే ఉంటుంది. స్టాండ్లు, పరుపు, పరదా అన్నీ కలిపినా మీ బడ్జెట్‌లో పదో వంతుకు అటూ ఇటూగా తేలుతుంది. ఈ దారిలో నష్టం ఏమిటంటే, సంగీతం హాలు నుంచి వెళ్లిపోతుంది. ఇంటిల్లిపాదితో కూర్చొని వినడం పోయి, అది మీ ఒక్కరి గది వ్యవహారమవుతుంది. అది మీకు సమ్మతమో కాదో మీరే చెప్పాలి.

రెండో దారి సబ్‌వూఫర్, అంటే కింది స్వరాలను మాత్రమే పలికే విడి స్పీకర్. మీ ఐదుంబావు అంగుళాల వూఫర్‌కు ఒక శరీర ధర్మం ఉంది. స్వరం ఒక ఆక్టేవ్ కిందికి దిగితే (హెర్ట్జ్ అంకె సగమైతే), అదే శబ్దం ఇవ్వడానికి శంకువు నాలుగు రెట్లు ఎక్కువ దూరం ముందుకూ వెనక్కూ కదలాలి. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అతి కింది స్వరం 41 హెర్ట్జ్. దానికోసం ఆపసోపాలు పడుతున్న శంకువే గొంతునూ గిటార్ కింది భాగాన్నీ కూడా పలకాలి. అందుకే బేస్, కిక్ డ్రమ్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్) రెండూ పడినప్పుడు మిగతా పాట నలుగుతుంది. గుండెకు తగలడం అని మీరు రాసింది ఎక్కువగా 60 నుంచి 120 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, అందులో కింది సగం చిన్న వూఫర్‌కు బరువే.

ఇక్కడే మీ అటక మీది రిసీవర్ పనికివస్తుంది. రిసీవర్ సినిమాలకే తప్ప సంగీతానికి పనికిరాదని మీ మిత్రులు అన్నారట. చౌక రిసీవర్ల వాట్ల అంకెలు నమ్మదగ్గవి కావన్న మాట నిజమే. ఏడు ఛానెళ్లూ కలిసి పనిచేసేటప్పుడు పెట్టె మీద రాసిన అంకె రాదు. కానీ రెండు ఛానెళ్లకే వాడితే మీ 30 వాట్ల యాంప్ కంటే తీసిపోదు. అంతకంటే ముఖ్యం, 80 హెర్ట్జ్ కింది స్వరాలను స్పీకర్లకు పంపకుండా ఆపి, సబ్‌వూఫర్‌కు మళ్లించడం దానికి తెలుసు. మైక్రోఫోన్‌తో గదిని కొలిచి ఉబ్బిన స్వరాలను తగ్గించే సదుపాయం కూడా చాలా రిసీవర్లలో ఉంటుంది. మామూలు స్టీరియో యాంప్‌లలో సబ్‌వూఫర్‌కు అవుట్‌పుట్ ఇచ్చినా, స్పీకర్లకు వెళ్లే బేస్‌ను ఆపే ఏర్పాటు సాధారణంగా ఉండదు. కొత్తగా ఏదీ కొనకముందే రిసీవర్‌ను దించి, దుమ్ము దులిపి, దాని మెనూలో స్పీకర్లను స్మాల్ అని సెట్ చేసి, ఎవరిదైనా సబ్‌వూఫర్ వారం రోజులకు అరువు తెచ్చి చూడండి. సబ్‌వూఫర్‌ను ముందు మీ కుర్చీ మీదే పెట్టి, ఒక బేస్ వరుసను మళ్లీ మళ్లీ మోగిస్తూ, గోడల వెంట వంగి నడుస్తూ వినండి. స్వరాలన్నీ సమంగా వినిపించిన చోటే దాని స్థానం. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఈ దారిలో అసలు చిక్కు కింది ఫ్లాట్. ట్రెబుల్‌ను తలుపు ఆపుతుంది, 50 హెర్ట్జ్‌ను శ్లాబు కూడా పూర్తిగా ఆపలేదు. స్పీకర్ల కింద రబ్బరు ముక్కలు పెట్టడం పెట్టె నుంచి నేలకు దిగే కంపనాన్ని కొంత తగ్గిస్తుంది కానీ, గాలి ద్వారా శ్లాబును కదిలించే శబ్దాన్ని ఏమీ చేయదు. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాలకు పగలు 55 డెసిబెళ్లు, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెళ్ల పరిమితి పెట్టాయి. చట్టం సంగతి అటుంచి, అపార్ట్‌మెంట్లలో ఒక గది కింద అదే గది ఉంటుంది కనుక, ఆ పెద్దవాళ్లు కింది గదిని ఏ వేళల్లో వాడతారో ముందు కనుక్కోండి. ఒక ఆదివారం పైన మీ అబ్బాయిని పాట పెట్టమని చెప్పి, మీరే కిందికి వెళ్లి వారితో కలిసి వినండి. ఏ స్థాయి దాకా ఫర్వాలేదో వారి ఎదుటే తేలిపోతే, నాబ్ మీద ఒక గుర్తు పెట్టుకోవచ్చు. రాత్రి పది తరువాత మాత్రం సబ్‌వూఫర్ ఆపేయాల్సిందే.

మూడో దారి స్పీకర్లు మార్చడం. షోరూమ్‌వాళ్లు చెప్పిన హార్న్ స్పీకర్ల సంప్రదాయం పాతది. పాల్ క్లిప్ష్ 1946లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో కంపెనీ పెట్టిన కాలంలో యాంప్‌లకు కొద్దిపాటి వాట్లే ఉండేవి కనుక, ఉన్న కాస్త శక్తి నుంచి ఎక్కువ శబ్దం పిండడమే హార్న్ పని. ఇప్పటికీ ఆ లాభం ఉంది. 92 డెసిబెళ్ల స్పీకర్‌కు మారితే మీ 30 వాట్లు, ఇప్పటి స్పీకర్ల మీద 120 వాట్లు చేసే పని చేస్తాయి. అందుకే బిగ్గరగా, ఎదురుగా బ్యాండ్ వాయిస్తున్నట్టు కావాలనుకునే రాక్ అభిమానులు వాటిని ఇష్టపడతారు. కాకపోతే కంపెనీలు రాసే సెన్సిటివిటీ అంకెలు స్వతంత్రంగా కొలిస్తే తరచు తక్కువగా తేలుతుంటాయి, రెండు మూడు డెసిబెళ్లు తగ్గించుకొని లెక్కవేయండి. మీ ఫిర్యాదే సింబల్స్ గుచ్చుకోవడం కనుక, మూడో పరీక్షలో తప్పు రికార్డుదని తేలితే, హార్న్ ట్వీటర్ ఆ బాధను పెంచే అవకాశమే ఎక్కువ. అప్పుడు ఆరున్నర అంగుళాల వూఫర్, మెత్తని బట్ట గుమ్మటం లాంటి ట్వీటర్ ఉన్న పెద్ద బుక్‌షెల్ఫ్ మీకు నయం. అంగుళంబావు తేడాయే అయినా, శంకువు వైశాల్యం ఒకటిన్నర రెట్లు అవుతుంది. టవర్లు 12కు 10 అడుగుల గదిలో అవసరానికి మించిన బేస్ ఇచ్చి, ఆ 47, 56 హెర్ట్జ్ మోతలను మరింత రెచ్చగొడతాయి. హాల్లో పెడదామంటే ఇంట్లో ఒప్పుకోలేదు. ఆమె అభ్యంతరం అందం గురించే అయినా, శబ్దం లెక్కలోనూ అదే సరైన నిర్ణయం.

షోరూమ్‌కు వెళితే మీ పాటలు మీరు తీసుకెళ్లండి. వాళ్లు పెట్టే నెమ్మదైన స్త్రీ గాత్రం ఏ స్పీకర్‌లోనైనా బాగుంటుంది. ఒక మంచి రికార్డింగ్, ఒక చెడ్డ రికార్డింగ్ రెండూ ఉండాలి. కిక్ డ్రమ్, బేస్ గిటార్ ఒకేసారి పడే చోట రెండూ విడివిడిగా తెలుస్తున్నాయా, ఎడమ గిటార్ ఎడమనే, కుడి గిటార్ కుడినే నిలబడుతున్నాయా అని చూడండి. రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్‌తో వాల్యూమ్ సమం చేయించండి, ఎందుకంటే ఒక్క డెసిబెల్ ఎక్కువ ఉన్నదే మెరుగ్గా అనిపిస్తుంది. ఐదు నిమిషాల్లో ఆశ్చర్యపరిచే స్పీకర్ అరగంటకు తలనొప్పి తెప్పించవచ్చు కనుక అరగంట కూర్చోండి. ఇంటికి తీసుకెళ్లి విని చూసే వీలు ఇచ్చే దుకాణం ఉంటే, కొంచెం ధర ఎక్కువైనా అక్కడే కొనండి.

ఇక యాంప్. 100 వాట్ల యాంప్ వల్ల మీకు వచ్చేది ఐదు డెసిబెళ్లు. శబ్దం రెట్టింపయినట్టు చెవికి అనిపించాలంటే పది కావాలి. మొదటి పరీక్షలో గొంతు గరగరలాడితే ఆ ఐదూ విలువైనవే, లేకపోతే డబ్బు దండగ. ముందు ముందు 4 ఓముల స్పీకర్లు కొనే ఆలోచన ఉంటే, 4 ఓముల దగ్గర ఎన్ని వాట్లు ఇస్తుందో కంపెనీ రాసిన యాంప్‌నే ఎంచుకోండి. ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే) వాట్లు కాక పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠం పేరుతో రాసే) వాట్లు రాసిన పెట్టెను ముట్టుకోనక్కరలేదు. మన బజార్లలో ఆ అంకెకు హద్దూ పద్దూ లేదు.

వాల్వ్ యాంప్ గురించి మీ ఆఫీసు మిత్రుడు చెప్పిన చరిత్రలో తప్పు లేదు. జిమ్ మార్షల్ 1962లో లండన్ హాన్‌వెల్‌లోని తన దుకాణంలో తయారుచేయించిన గిటార్ యాంప్‌లు వాల్వులవే. ఆ వాల్వులను శక్తికి మించి నడిపితేనే ఆ గర్జన వచ్చింది. అయితే ఆ గర్జన గిటార్ స్పీకర్‌లోంచి, మైక్‌లోంచి దాటి ఎప్పుడో రికార్డులోకి చేరిపోయింది. ఇంటి యాంప్ దానికి మళ్లీ తన వంతు కలిపితే, ఉప్పు సరిచూసి దించిన కూరలో వడ్డించేవాడు మరో చిటికెడు చల్లినట్టే. లెక్కలోనూ అది మీకు కుదరదు. సింగిల్ ఎండెడ్ అనే తక్కువ శక్తి రకానికి చెందిన ఎనిమిది వాట్ల వాల్వ్ యాంప్ మీ స్పీకర్లతో సోఫా దగ్గర 91 డెసిబెళ్లకే అలసిపోతుంది. 35, 40 వాట్లిచ్చే, పుష్‌పుల్ అనే ఎక్కువ శక్తి రకం వాల్వ్ యాంప్ అయితే సరిపోతుంది కానీ, మీ బడ్జెట్‌లో సింహభాగం దానికే పోతుంది, వేసవిలో మూసిన గదిలో దాని వేడి అదనం.

డాలస్ నుంచి యాంప్ తెప్పించుకోవడంలో ఒక ప్రమాదం ఉంది. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. అక్కడ అమ్మే యాంప్‌లలో అధికభాగం అక్కడి వోల్టేజీకే చేస్తారు, నేరుగా మన ప్లగ్‌లో పెడితే కాలిపోతుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టవచ్చు, కానీ అది మరో బరువు, మరో గుంయ్‌మనే శబ్దం. వారంటీ కూడా ఇక్కడ చెల్లకపోవచ్చు. కరెంటు అవసరం లేని మామూలు స్పీకర్లకు ఈ గొడవ లేదు కనుక, బావమరిది నిజంగా ఏదైనా తేదలచుకుంటే బుక్‌షెల్ఫ్ స్పీకర్లు తెమ్మనండి, అది కూడా మీరు ఇక్కడ అదే మోడల్ విని నచ్చాకనే. మాట తీసేసినట్టు కాకుండా వోల్టేజీ కారణం చెబితే ఆయన నొచ్చుకోరు.

వైర్ల గురించి అడిగారు. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మూడు మీటర్లు వాడితే, రానూపోనూ కలిపి నిరోధం ఓములో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. అంతకు మించి ఖర్చు చేయకండి.

మీ భార్య అడిగిన ప్రశ్నకు ఉత్తరంలో మీరు కొంచెం నొచ్చుకున్నట్టున్నారు. ఆమె అడిగింది డబ్బు గురించి మాత్రమే కాదు, పాతవాటిలో లోపం ఏమిటో మీకు తెలిసిందా అని. ఆ ప్రశ్నకు ఈ పరీక్షలు జవాబు ఇస్తాయి. గది మార్చి నెల రోజులు విన్నాక గిటార్లు విడిపోయి, బేస్ మాత్రమే చాలలేదనిపిస్తే సబ్‌వూఫర్ వైపు వెళ్లండి. గిటార్లు ఇంకా ముద్దగానే ఉంటే స్పీకర్ల వైపు వెళ్లండి. గొంతు గరగర ఒక్కటే మిగిలితే అప్పుడు యాంప్ వంతు. మూడూ ఒకేసారి మారిస్తే ఏది ఏ తేడా తెచ్చిందో తెలియదు, రెండేళ్ల తరువాత మళ్లీ ఇదే ఉత్తరం రాయవలసి వస్తుంది.

వినే స్థాయి గురించి ఒక్క మాట కూడా చెప్పాలి. అమెరికా జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ (నియోష్) లెక్క ప్రకారం 85 డెసిబెళ్లలో రోజుకు ఎనిమిది గంటలు ఉండవచ్చు, ప్రతి మూడు డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర అది 15 నిమిషాలే. కొత్త గదిలో దగ్గరగా కూర్చుంటారు కనుక తెలియకుండానే ఆ స్థాయికి చేరుకోగలరు, మొదటి వారం ఆ ఫోన్ యాప్‌ను కుర్చీ చేతి మీద పెట్టుకోండి.

పాత యాంప్‌ను, స్పీకర్లను ఇప్పుడే అమ్మకానికి పెట్టకండి. రిసీవర్‌ను దించి కలిపేటప్పుడు ముందు ప్లగ్ తీసేసి, ఎర్ర టెర్మినల్‌కు ఎర్ర వైరు, నల్లదానికి నల్లది రెండు స్పీకర్లకూ ఒకేలా పడిందో లేదో చూసుకోండి. ఒక స్పీకర్‌కు అవి తారుమారైతే బేస్ చాలావరకు పోతుంది. హాల్లో ఇప్పుడు ఉన్న కనెక్షన్లలోనూ అదే తనిఖీ ఈ రాత్రే చేయవచ్చు.